సోమవారం నుంచి ఒక్కడినే నడవాలి

ఫ్రోసో అక్కా,

బాగానే ఉన్నాను, కంగారు పడకు. స్కిజోఫ్రెనియాకు ఇచ్చిన కొత్త మాత్రలతో మధ్యాహ్నం దాకా మత్తు వదలదు, ఒళ్ళు కూడా వచ్చింది. డాక్టరమ్మ రోజూ నడవమంది. రేవు గట్టు మీద నడిస్తే అందరూ నన్నే చూస్తారని నా భయం. నిన్న ఈ వసతిగృహంలో నా గదిలోనే ఉండే స్టామాటిస్ తాత చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. సగం దారిలో చెవిలో గొంతులు, "వెనక్కి పో" అని అరిచాయి. తాతతో చెప్పాను.

"అరవనీరా. కాళ్ళు వాటివా, నీవా?" అన్నాడు. నవ్వొచ్చింది. దీపస్తంభం దాకా నడిచాం.

పాత బూట్లు బిగుతయ్యాయి, నలభై నాలుగు సైజువి పంపు. అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందా?

సోమవారం నుంచి తాత కూతురింట్లో ఉంటాడు. ఒక్కడినే వెళ్ళాలంటే భయమే. అయినా, మత్తుగా ఉన్నా సరే, రోజూ పొద్దున పదింటికి గడప దాటుతాను. ఆ వేళకు నన్నొకసారి తలుచుకో. పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు,
అర్గీరిస్