రేసు మళ్ళీ వస్తుందట

బావా,

ఈ రోజు నీ సంవత్సరీకం. వంట చేస్తుంటే నీ దోస్తు యాదగిరన్న వచ్చి ఫోన్‌లో వార్త చూపించాడు. కార్ల రేసును ఇంకా కొత్త దేశాలకు, కొత్త ఊళ్ళ రోడ్ల మీదికి తీసుకుపోతారట. హైదరాబాదుకు మళ్ళీ రావచ్చట.

“ఎప్పుడూ దొరల దేశాలేనా? మన రోడ్ల మీద గూడ ఉరకాలె” అని నువ్వు బండ్లు బాగుచేసే మల్లాపూర్ షెడ్డులో అందరితో వాదించేవాడివి.

ఆ రేసు మన ఊరికి వచ్చిన రోజే నీకు గుండెనొప్పి వచ్చింది. నాచారం నుంచి ఆటోలో పెద్ద దవాఖానాకు పోతుంటే రేసు కోసం రోడ్డు మూసేశారు. “సుట్టు తిరిగి పోమ్మా” అన్నాడు కానిస్టేబుల్. కంచె అవతల కార్ల మోత. నా ఒడిలో తల పెట్టుకుని, “కనబడుతున్నయా?” అని అడిగావు. కనబడుతున్నాయని అబద్ధం చెప్పాను. తర్వాత నువ్వు మాట్లాడలేదు.

“ఈసారి మన ఉప్పల్ల పెడ్తే బాగుండు వదినా. మల్లేశు ఉంటే ఎంత ఖుష్ అయ్యెటోడో!” అన్నాడు యాదగిరన్న.

“పెట్టనీ అన్నా. సచ్చెటోళ్ళను ముందుగాల దాటనిస్తే సాలు” అన్నాను.

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నీ పేరు మీద ఈ రోజు వాడకట్టంతా అన్నం తిన్నది. అతన్ని మాత్రం నేను ఉండమనలేదు.