నిచ్చెన కింద ప్రార్థన

చిరంజీవి జోయలుకు నిన్ను కన్న అవ్వ దీవించి రాయునది, ఇక్కడ నేను, నీ బిడ్డ స్తుతి క్షేమం. ఫోనులో చెప్పబోతే ఏడుపొస్తుంది, అందుకే కార్డు.

స్తుతిని ఉద్యోగం మాన్పించి తీసుకురమ్మని నన్ను మంథని పంపినావు కదా. నిన్న దాని వెంట పోయినాను. వానకు కురిసే ఇండ్ల కప్పులు ఎక్కి, ఎక్కడ పాడైందో చూసి రాయడమే దాని పని. ఒక గూనపెంకుల ఇంటికి నిచ్చెన వేసి ఎక్కింది. కప్పు బాగా వాలు, పైన కాలు జారే పాకురు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. భయానికి కండ్లు మూసి, రెండు చేతులు జోడించి ప్రార్థన మొదలుపెట్టినాను. నిచ్చెన పక్కకు జరిగింది.

"నాయినమ్మా! నన్ను దేవుడు వట్టుకుంటడు గని, నిచ్చెన నువ్వు వట్టుకో!" అని పైనుంచి మొత్తుకుంది.

దిగినాక ఇద్దరం నవ్వినాము, తర్వాత నేను ఏడ్చినాను. కానీ ఎక్కడ కురుస్తుందో తెలిసిందని ఆ ఇంటి ముసలమ్మ దాని తల నిమిరితే నా కడుపు నిండింది.

నిచ్చెన పైకొన కట్టేందుకు మన కొట్టంలోని మోకు పంపు. కోడలి మోకాలి నొప్పి తగ్గిందా? చింతపండు జాడీకి చెమ్మ తగలనియ్యకండి.

స్తుతిని ఉద్యోగం మాన్పించను. వానలు తగ్గేదాకా నేనూ రాను. కోపమొస్తే నన్ను తిట్టు, బిడ్డతో మాత్రం మంచిగా మాట్లాడు. యేసయ్య మీ అందరికీ తోడుండును గాక.

మీ అవ్వ రూతమ్మ