అవ్వ పీకిన గరిక

గోదావరిఖని,
2-7-2006

అవ్వకు ఓదెలు దండం పెట్టి రాసేది. ఇక్కడ అందరం మంచిగున్నాం, ఫికర్ చేయకు.

రోహిణి ఎండల్లో నువ్వొచ్చినప్పుడు, నేను మొదటి షిఫ్టుకు పోయిన పూట, క్వార్టర్ ముందరి గరికనంతా కలుపనుకొని పార పట్టి పీకేశావు. నేనొచ్చి, "రెండేండ్లు నీళ్లు పోసి పెంచిన, అంత నాశనం జేస్తివి గదనే అవ్వా!" అని అరిచాను. "గడ్డికి నీళ్లు పోస్తరా కొడుకా ఎవలన్న? మన చేన్ల ఇంత గడ్డి కనబడితే ఊరు నవ్వదా?" అని నువ్వు తెల్లారే బస్సెక్కావు. ఈ ముక్క గట్టిగా చదివించుకో: తప్పు నాదే.

మిరుగు కార్తె వానలు పడగానే గరిక మళ్లీ లేచింది, మునుపటికంటే చిక్కగా. బొగ్గుదుమ్ము పేరి గట్టిపడిన నేలను నువ్వు పెకిలించావు కాబట్టే వేర్లు పారాయి. మా గని ఇంజనీరు పట్టాభిరామయ్య గారు స్కూటరాపి, "ఏం వేశావయ్యా, ఇంత పచ్చగా ఉంది?" అని అడిగారు. "మా అవ్వ ఒక్కసారి పార పట్టింది సార్" అన్నాను.

మోకాలి నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? ఒకసారి మళ్లీ రా అవ్వా, వచ్చేటప్పుడు మేకల ఎరువు ఒక సంచి తే.

ఎందుకు రమ్మంటున్నానంటే, గరికలో తుంగ మొలిచింది. నేను పీకితే గడ్డ లోపలే తెగి మూడోనాడు మళ్లీ వస్తోంది. నీ కోడలు జమునకూ చేతకాలేదు. వచ్చే ఆదివారం నాకు డ్యూటీ లేదు, బస్టాండులో ఉంటాను. నువ్వు పట్టిన పారను జమున కడిగి తలుపు వెనక పెట్టింది. నన్ను కూడా ముట్టనివ్వట్లేదు.

నీ కొడుకు
ఓదెలు