మామ కలవడానికి చోటు లేని గజల్

మార్చి 4
ప్రాజెక్టు నలభై పేజీలు పూర్తి. విషయం: ఆధునిక ఇంగ్లిషు కవిత్వంపై గజల్ ప్రభావం. స్థలం: ప్రొద్దుటూరు. ఎండ: రాయను. పోయినేడు ఇదే ప్రాజెక్టులో ఫెయిలు. ఈసారీ పోతే ఎం.ఏ.కి దండం.

మార్చి 6
నా సిద్ధాంతం మహా గొప్పది. ఇంగ్లిషు కవులు జంటపాదాలు ఉంచుకుని ప్రాసా, దాని వెనక తిరిగొచ్చే మాటా వదిలేశారు — గజల్‌కు విముక్తి! ప్రాస వదలని ఇంగ్లిషు కవులూ ఉన్నారు. వాళ్లను ఫుట్‌నోట్‌లోకి తొక్కేశాను. నమూనాకు నేనూ ఒకటి రాసి చివర అతికించాను. నిద్రొస్తాంది.

మార్చి 7
జమ్మలమడుగు. పరుపులు కుట్టే మస్తాన్ మామ. ఒకప్పుడు ఉర్దూ కవులు చదివే ముషాయిరా అంటే కడప దాకా పోయిన మనిషి. నా ఇంగ్లిషు గజల్ చదివాను. దారం పళ్ల మధ్య పెట్టుకుని విన్నాడు. ఐపోయింది. ఇంకా వింటూనే ఉన్నాడు.
"ఐపోయింది మామా."
"మరి నేను నీ గొంతుతో యాడ కలవాలప్పా?"
అసలు గజల్‌లో జంట జంటకూ ఒకే మాట తిరిగొస్తుంది. కవి నోరు తెరిచేలోపు దాన్ని జనమే అందుకుంటారంట. "నువ్వొక్కడివే మాట్లాడుకుంటాండావు. దానికి మేమెందుకు?"
నలభై పేజీలు... ఒక్క ప్రశ్న.

మార్చి 8
గజల్ తిరగరాస్తాండా. తల వాచింది.

మార్చి 10
మళ్లీ మామ. ఈసారి ప్రతి జంట చివరా 'ఇన్ దిస్ హీట్'. మామకు ఇంగ్లిషు రాదు. మూడో జంటకు నాకంటే ముందే అరిచాడు — ఇన్ దిస్ హీట్! దూది తెచ్చిన రెడ్డెమ్మక్క కూడా. "శానా బాగుంది. ఏంది దానర్థం?" అన్నాడు మామ.
జోకేద్దామనుకున్నా. 'ఈ ఎండలో' అని ఉన్నదే చెప్పా.
మామ ఊరుకోడే... "ఆఖరి జంటలో నీ పేరు పడాల. లేకుంటే ఎవరిదని?"

మార్చి 12
గైడు మేడం: "పేజీలు ప్రాస వద్దంటాయి. పద్యం ప్రాస లేనిదే కదలదు. ఏది నీదయ్యా?" రెండూ కలిపి తెస్తే సంతకం పెట్టదంట. గడువు ఎల్లుండి.

మార్చి 13
పులివెందులలో నేను చెప్పే ట్యూషన్‌కు ఎగనామం. రోజంతా కూర్చుంటే కొత్తవి పదకొండు పేజీలు. ఫుట్‌నోట్ వాళ్లను పైకి తెచ్చా. బాగున్నాయి. ఇంత తక్కువ పేజీలతో పాసు కాను.

మార్చి 14
జిరాక్సు షాపు బెంచీ మీద రాస్తున్నా. పెన్‌డ్రైవులో రెండు ఫైళ్లు. పాత గజల్‌తో నలభై పేజీలది పాసయ్యేది. పదకొండుది మామ గొంతు కలిసింది... దాని ఆఖరి జంటలో పేరుండాల్సిన చోట ఇంకా గీతే ఉంది. షాపాయన మౌస్ పట్టుకుని నావైపే చూస్తాండాడు.
"ఏ ఫైలప్పా? బెరీన చెప్పు, కరెంటు పోతాది."