కటౌట్ వెనక పాఠం

బెంగళూరు,
మే 11, 1983

మిత్రమా చంద్రశేఖర్,

ఒక తెలివైన పిల్ల చదువును నువ్వు పదిమంది నవ్వుకోడానికి వాడుకున్నావు. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ముప్పై ఏళ్ళ స్నేహం, నీకది తెలుసు.

సోమవారం పేపర్లు దిద్దే హాల్లో, టీ రాగానే, ఒక జవాబు పైకి చదివావు. ప్రశ్న, పాలకుడికి అధికారం ఎక్కణ్ణుంచి వస్తుందని. జవాబులో సినిమా హీరో కటౌట్ ఉంది. "చూడండప్పా, రాజనీతిశాస్త్రం టెంటు సినిమాకొచ్చేసింది!" అన్నావు. హాలంతా నవ్వింది. ఇరవైకి సున్నా వేసి, ఎర్ర ఇంకుతో 'ఇది సినిమా కాదు' అని కూడా రాశావు.

నువ్వు ఆ పేపరు ఊపుతుంటే రాత గుర్తుపట్టాను. మా కాలేజీ మునిలక్ష్మిది. వాళ్ళ నాయన నగర్తపేటలో జరీ పని చేస్తాడు. ఆ పాఠం చెప్పింది నేను. 'పాలితుల సమ్మతి' అని నెలరోజులు అరిచినా క్లాసులో ఒక్కరికీ ఎక్కలేదు. చివరికి అందర్నీ కెంపేగౌడ రోడ్డుకు నడిపించుకుపోయి, నలభై అడుగుల కటౌట్ వెనక నిలబెట్టాను. మునిలక్ష్మి తలెత్తి చూసి అంది: "ముందర్నించి దేవుడి మాదిరి ఉండాడు సార్. ఈడ చూస్తే అంతా కట్టెలూ తాళ్ళే. కట్టినోళ్ళు విప్పేస్తే ఏం మిగుల్తాది?" మనం ఎమ్మేలో బట్టీ పట్టినదాన్ని ఆ పిల్ల కళ్ళతో చూసింది. జనం చూసే సినిమాలో రాజకీయం లేదంటావా? మరి ఓట్లకొచ్చేవాళ్ళు హీరోల వెంట ఎందుకు పడుతున్నారయ్యా?

ఇక నీకు తెలియనిది. ఆ రోజు నేనూ నవ్వాను. రాత గుర్తుపట్టాక కూడా. 'అది నా పాఠమే' అంటే నన్నూ టెంటు మాస్టరంటారని భయపడ్డాను. వేదికలెక్కి ధైర్యం గురించి ఉపన్యాసాలిచ్చే మనిషిని! నిన్న మునిలక్ష్మి వచ్చి, "ఆ ప్రశ్న బాగా రాసినాను సార్, మీరు చెప్పినట్లే" అంది. పరీక్ష తప్పితే కాలేజీ మాన్పించి జరీ చుట్టే రాట్నం దగ్గర కూర్చోబెడతామని ఇంట్లో చెప్పేశారట. "మంచిదమ్మా" అన్నాను. సున్నా సంగతి దాచి పంపించేశాను.

మార్కుల పట్టీ శుక్రవారం యూనివర్సిటీకి పోతుంది. ఆలోగా నువ్వు చేయవలసినవి:

1. ఆ జవాబు ఒంటరిగా కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చదువు.
2. ఆ ఎర్ర వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టు.
3. పేపరు ఇంకొకరిచేత దిద్దించమని చీఫ్ ఎగ్జామినర్‌కి రాసివ్వు.
4. పాఠం చెప్పింది నేనని అందులో నా పేరు పెట్టు. నన్ను పిలిపించమను. వచ్చి అందరిముందూ చెప్తాను.

నీ
జయరామప్ప