పిట్ట పుట్టినరోజు, పెద్ద పళ్ళెం

ప్రార్థన గది,
జనవరి 16, శుక్రవారం ఉదయం.

ప్రభువునందు ప్రియమైన చెల్లెమ్మకు,

అన్నయ్య వందనాలు చెప్పి రాయునది ఏమనగా, ఇక్కడ నేనూ, నా పనిముట్లూ, ప్రార్థన గది పొయ్యీ క్షేమం. అక్కడ నువ్వూ, బావా, మన పిట్టా కృపలో ఉన్నారని నమ్ముతున్నాను. ఫోన్ చేయవచ్చు కదా అంటావేమో. నా గొంతు వినగానే నువ్వు ఫోన్‌ని చెవికి జానెడు దూరంలో పట్టుకుంటావని బావే చెప్పాడు. కాగితానికి ఆ బాధ లేదు. మధ్యాహ్నం బావ బస్సు ఈ వీధినే వస్తుంది కాబట్టి, కండక్టరుగారి సంచిలోనే దీన్ని పంపిస్తాను.

నిన్న నువ్వు పంపిన చీటీ చదివాను. వచ్చే వారం శనివారంతో పిట్టకు ఆరేళ్ళు నిండుతాయి. ఉన్నంతలో దానికి పుట్టినరోజు ఎలా చేయాలా అని నువ్వు నెల రోజులుగా కిందా మీదా పడుతుంటే, అది నాకు పుట్టినరోజే వద్దని మొండికేసిందట. అంతటితో ఆగక, నువ్వు బేకరీలో పని మానెయ్యమ్మా అని నీ చెయ్యి పట్టుకుని ఏడ్చిందట. రొట్టెలు కాల్చే తల్లి అంటే దానికి నామోషీగా ఉందన్నయ్యా, వాళ్ళ పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నట్టుంది, ఇక పుట్టినరోజూ వద్దు ఏమీ వద్దు అని రాశావు. చివరి రెండు వరుసలు తడిసి అలుక్కుపోయి ఉన్నాయి. వాటిని చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది.

ముందు ఒక్క మాట. పుట్టినరోజు మానడానికి వీల్లేదు. నువ్వు మానితే నీ తోడికోడలు గెలిచినట్టు. ఆ మహాతల్లి గెలవడం ఈ కళ్ళతో చూడలేను.

వాళ్ళబ్బాయి పుట్టినరోజు నేను చూశానని నీకు తెలియదు. ఆవిడ పిలిస్తే వెళ్ళింది కాదులే. హోటలు హాల్లో నాలుగు హీటర్లలో ఒకటి ఆగిపోయిందని హోటలువాళ్ళు కబురు పెడితే, పనిముట్ల పెట్టె పట్టుకుని వెనక గుమ్మంలోంచి వెళ్ళాను. నన్ను చూడగానే ఆవిడ మొహం మాడిపోయింది. పక్కనున్న ఒకావిడ, ఎవరండీ ఆయన, మీ వైపు చూస్తున్నారు అని అడిగితే, ఎవరో హీటరు మనిషండీ అంది. అవును, నేను హీటరు మనిషినే. మరి తమరెవరు తల్లీ? తమరి ఆయనకు కాంట్రాక్టులు తగిలేదాకా ఈ గదిలో, ఈ పొయ్యి ముందే కదా చెప్పులు విప్పి కాళ్ళు కాచుకున్నారు.

అక్కడ జరిగిన వైభోగం విను. బయట దేవుడు ఊరికే ఇచ్చిన చలి ఎముకలు కొరుకుతోంది. దాన్ని పోగొట్టడానికి హీటర్లు పెట్టారు. ఆ వేడిలో ఒక యంత్రం తెచ్చి, పిల్లల నెత్తిన సబ్బు నురుగు చల్లించి, దానికి మంచు అని పేరు పెట్టారు. చలి పోవడానికి కొంత ఖర్చు, చలి ఉన్నట్టు కనిపించడానికి కొంత ఖర్చు. ఆకాశాన్ని అంటే గోపురం కడతామని బయలుదేరిన ఆ పాతకాలపు వెర్రివాళ్ళు వీళ్ళకంటే నయం, వాళ్ళకు కనీసం ఇటుకలైనా మిగిలాయి. ఎలుగుబంటి వేషం కట్టినవాడొకడు లోపల ఉడికిపోతూ నా దగ్గరకొచ్చి, అన్నా, నీకు పుణ్యం ఉంటుంది, ఆ హీటరు కాసేపు బాగుచేయకు అని బతిమాలాడు. పుట్టినరోజు పిల్లాడేమో ఆ ఎలుగుబంటికి జడుసుకుని బల్ల కింద దూరాడు. వాడు లేకుండానే ఫొటోలు తీసేశారు. వచ్చిన పెద్దమనుషులు కేకు తినలేదు, దానికి ఎన్ని అంతస్తులున్నాయో చూసుకుని వెళ్ళిపోయారు.

దీన్నంతా నడిపించినవాడు పార్టీలు చేసిపెట్టే ఒక టై కట్టిన ఘనుడు. వాడే ఇప్పుడు నీ గుమ్మం కూడా ఎక్కాడని రాశావు. మీలాంటివాళ్ళకు కూడా ఒక ప్యాకేజీ ఉందండీ అన్నాడట. అందులో పిల్లలకు కుర్చీలు రావట, కుర్చీలకు కట్టే రిబ్బన్లు మాత్రం వస్తాయట. మరి రిబ్బన్లు దేనికి కట్టాలయ్యా అని బావ అడిగితే, అది మీ ఇష్టమండీ అన్నాడట. బావ మెతక మనిషి కాబట్టి మంచినీళ్ళిచ్చి పంపాడు. నేనైతే ఆ రిబ్బన్లతోనే వాణ్ణి కట్టి పంపేవాణ్ణి.

అందుకే పోయిన ఆదివారం నేను నోరు మూసుకోలేకపోయాను. పట్టాలు పుచ్చుకున్న బోధకులైతే ధనవంతుల మొహం చూసి వాక్యాన్ని పంచదారలో ముంచి వడ్డిస్తారు. నేను పొయ్యి మసిలో కూర్చుని నాకు నేనే చదువుకున్నవాణ్ణి, నాకు ఆ వడ్డన చేతకాదు. ఆవిడ కొత్త కోటు చూపించడానికి వచ్చి రెండో బెంచీలో కూర్చుంది. నేను లేఖనం తెరిచి అడిగాను. ఇందులో పుట్టినరోజు వేడుకలు ఎన్ని ఉన్నాయో ఎవరైనా గాలించి చూశారా అని. రెండే. రెండూ రాజులవే. ఒక రాజు తన పుట్టినరోజున రొట్టెలు కాల్చేవాణ్ణి కొయ్యకు వేలాడదీశాడు. ఇంకో రాజు పుట్టినరోజున, నువ్వు చేసేది తప్పు అని మొహం మీదే చెప్పిన ప్రవక్త తల తెగి పళ్ళెంలోకి వచ్చింది. ఆడంబరం ఉన్నచోట ఎవరి తలో ఒకటి తెగక తప్పదు అని బల్ల గుద్దాను. గ్లాసులో నీళ్ళు చిందాయి. ఆవిడ మాత్రం కోటు మీద పోగులు ఏరుకుంటూ కూర్చుంది. గదిలో శ్రద్ధగా విన్నది ఒక్క మన పిట్టే. ముందు బెంచీ మీద నోరు తెరుచుకుని, రెప్ప వేయకుండా వింది. అలాంటి పిల్లను ఆ పెద్దమ్మ ఎలా పాడుచేసిందో చూడు.

నీ చీటీ చదివాక నాకూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ రోజే ప్రార్థన అయ్యాక పిట్ట నన్ను వంగమని, తన ఎర్ర మఫ్లరు విప్పి నా మెడకు రెండు చుట్లు చుట్టి, ముడి వేసి బిగించింది. ఊపిరాడక దగ్గొచ్చింది. విప్పబోతే ఏడుపు లంకించుకుంది. మామయ్య మీద ఎంత ప్రేమో అని పొంగిపోయాను. ఇప్పుడు అర్థమైంది. నా చొక్కా కాలరు చిరిగి వేలాడుతోంది కదా, అది పదిమంది కంటా పడకూడదని. మొన్న బుధవారం ప్రార్థనకు వచ్చినప్పుడూ అంతే. పొయ్యి సెగకు మొహమంతా చెమట పడుతున్నా ఆ పెద్ద కోటు విప్పలేదు. రెండు చేతులూ పొట్టకు ఆనించి కట్టుకుని, బొమ్మలా కూర్చుంది. వాక్యం అంటే భక్తి అనుకున్నాను. కాదు, గౌను మోచేతుల దగ్గర నువ్వు వేసిన మాసికలు దాచుకుంది. ఇంకా ఆరు నిండలేదు, అప్పుడే దానికి కాలరు చూసినా సిగ్గే, మాసిక చూసినా సిగ్గే, కన్నతల్లి చేసే పని చూసినా సిగ్గే.

అమ్మ నీకిచ్చిన పెద్ద ఇత్తడి పళ్ళెం బుధవారం నుంచి కనిపించడం లేదని రాశావు. మంగళవారం నీ తోడికోడలు వచ్చి వెళ్ళిందనీ నువ్వే రాశావు. ఇక ఇందులో ఆలోచించడానికి ఏముంది? పాత సామాను ఇంట్లో పెట్టుకోవడం ఇప్పుడు గొప్పవాళ్ళకు కొత్త మోజు. మనం కేకు పెట్టుకునే పళ్ళెం ఆవిడ ముందుగదిలో గోడెక్కి ఉంటుంది చూడు. నురుగుకు డబ్బుంటుంది గానీ పళ్ళేనికి ఉండదు.

సరే, ఇక నా మాట విను. వేడుక ఇక్కడే, ప్రార్థన గదిలో చేద్దాం. అద్దె అడిగేవాడు లేడు, పొయ్యి ఎలాగూ వెలుగుతుంది. ఉదయం పదకొండింటికి పెట్టుకుందాం. ఆ వేళకు పక్క కిటికీలోంచి ఎండ సరిగ్గా ముందు బెంచీల మీద పడుతుంది, దీపాల అవసరం ఉండదు. సాయంత్రం పెట్టుకుంటే పిల్లలు చలికీ నిద్రకీ కలిపి ఏడుస్తారు. బేకరీలో అంచులు విరిగిన కేకులు అమ్మకానికి పనికిరావని మీ యజమాని మీకే ఇచ్చేస్తాడు కదా, వాటిని జాముతో అతికించి పైన వెన్న పూయి. ముక్కలు కదా అని చిన్నబుచ్చుకోకు. కొండ దగ్గర వేలమందికి భోజనం పెట్టినవాడే మిగిలిన ముక్కల్ని గంపలకెత్తించాడు. నీ తోడికోడలు ఆయనకంటే గొప్పదా? పొయ్యి మీద పెద్ద గిన్నెలో బంగాళాదుంపల సూపు కాగుతూ ఉంటుంది. ఎవరి కప్పు వాళ్ళే తెచ్చుకోవాలని పిలిచేటప్పుడే చెప్పు. పిల్లలకు అదో సరదా, నీకు కడిగే పని తప్పుతుంది.

ఆటలకు వస్తువులేమీ కొనకు. చలికాలం కాబట్టి వచ్చిన ప్రతి పిల్లకూ ఒక కోటు ఉంటుంది. అన్నీ మూల గుట్టగా పోసి, కళ్ళకు గంతలు కట్టి, ఎవరి కోటు వాళ్ళని తడిమి తీసుకోమందాం. ఇంకొకరి కోటు తీసినవాడు అది తొడుక్కునే సూపు తాగాలి. తరువాత దుప్పటి కట్టి వెనక టార్చి పెడితే బావ నీడలాట ఆడిస్తాడు. టికెట్టు కొనకుండా సీటు కింద దాక్కున్నవాణ్ణి పట్టుకునే కథ ఆయనకంటే బాగా ఎవరు ఆడతారు? టికెట్టు చుట్టల చివర మిగిలే గులాబిరంగు కాగితం దండలుగా కట్టుకుంటే, ఆ టై కట్టినవాడి రిబ్బన్లు దిగదుడుపే.

పిలిచినవాళ్ళు సాకులు చెబితే కుంగిపోకు. లేఖనంలో ఆ విందు చేసిన యజమానికీ అదే గతి పట్టింది. ఒకడు పొలం కొన్నానన్నాడు, ఒకడు పెళ్ళయిందన్నాడు. అప్పుడాయన సందుగొందుల్లోకి మనుషుల్ని పంపి కనిపించినవాళ్ళనల్లా రప్పించాడు. నేనూ అదే చేస్తాను. బెంచీ ఖాళీగా ఉంటే నా పూచీ.

ఇక పిట్ట సంగతి. రొట్టె తినడానికి లేని సిగ్గు రొట్టె కాల్చడానికి ఎందుకే అని దాన్ని కూర్చోబెట్టి గట్టిగా అడుగు. నీకు మనసొప్పకపోతే ఎల్లుండి ఆదివారం నేనే బల్ల గుద్ది అడుగుతాను.

ఇట్లు,
నీ కోసమూ, నీ చేతి రొట్టె కోసమూ రోజూ ప్రార్థించే,
హీటరు మనిషి,
నీ అన్నయ్య.

తా.క. ఇది మడిచి జేబులో పెట్టుకున్నాక, వేడుకకు ఇప్పటినుంచే గది శుభ్రం చేద్దామని చీపురు పట్టాను. నేను నిలబడి బోధించే చెక్క పీట కింద చీపురు దేనికో తగిలి ఖంగుమంది. లాగి చూస్తే అమ్మ పళ్ళెం. పిట్ట పాత స్వెట్టరులో చుట్టి ఉంది. బుధవారం ఆ కోటు కింద ఏముందో అప్పుడు తెలిసింది.

అంతలో బావ బస్సు వచ్చింది. బడికి సెలవట, పిట్ట కూడా దిగింది. నా చేతిలో పళ్ళెం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇది ఇక్కడికెలా వచ్చిందే అని అడిగాను. పళ్ళెం దొరక్కపోతే తల పెట్టడానికి చోటుండదు కదా మామయ్యా అంది.

ఎవరి తలే అన్నాను. నీదే అంది. ఆ ప్రవక్త తిట్టినట్టే నువ్వూ పెద్దమ్మను తిడతావు కదా అంది. అమ్మేమో రొట్టెలు కాలుస్తుంది, రొట్టెలు కాల్చేవాణ్ణి పుట్టినరోజున ఏం చేశారో నువ్వే చెప్పావు కదా అంది. నేను పుట్టినరోజు చేసుకోకపోతే మీ ఇద్దరికీ ఏమీ కాదు, నాకు కేకు వద్దులే అంది. బయట బస్సులో జనం కండక్టరూ కండక్టరూ అని అరుస్తున్నారు. బావ కదల్లేదు.

అది సిగ్గుపడలేదు చెల్లీ. నీ పనికీ కాదు, నా కాలరుకీ కాదు. నీ తోడికోడలు దానికేమీ నేర్పలేదు, పళ్ళెమూ ముట్టుకోలేదు. తిరగరాయడానికి బస్సు ఆగదు, కాబట్టి ఆ రెండు మాటలూ కొట్టేసినట్టే చదువుకో. నురుగు గురించి రాసింది మాత్రం ఒక్క అక్షరం కూడా కొట్టేయకు.

నా మెడ పట్టి లాగి చూసుకోమన్నాను. రెండు చేతులతో లాగి చూసింది. రాజులు ఇటువైపు రారని బావా నేనూ ఒట్టు వేశాక పుట్టినరోజుకు ఒప్పుకుంది. కానీ షరతు పెట్టింది. పెద్దమ్మను పిలవాలట. నేను మఫ్లరు కట్టుకుని సరిగ్గా ఆవిడ ఎదురుగా కూర్చోవాలట. పళ్ళెంలో ఆఖరి కేకు ముక్క అయిపోయేదాకా ఆవిణ్ణి ఒక్క మాట అనకూడదట. సరేనన్నాను.

ముక్కలు కాస్త పెద్దవి కోయి. ఆ పళ్ళెం త్వరగా ఖాళీ కావాలి.