కుట్టుమిషన్ల మసీదు ఎదురుగా

చిట్టితల్లికి నాన్న సలాం.

ఇక్కడ మీ అమ్మా, నేనూ, నా మోకాలూ క్షేమం. మోకాలు మాత్రం నిచ్చెన చూస్తే మొండికేస్తోంది. అల్లుడి దగ్గు తగ్గిందా?

పోయిన ఉత్తరంలో రాశావు: "నాన్నా, నా టైలరింగ్ షాపు బోర్డు మీద నా పేరు వద్దు. 'న్యూ ఫ్యాషన్స్' అని రాసి పంపు. మనవాళ్ల పేరు చూసి జనం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతే?" అని. చెబుతాను. ముందు మన మసీదు సంగతి విను. సూటిగా చెప్పడం నాకు చేతకాదని నీకు తెలిసిందే.

మిషన్లు బాగుచేసే షాపుల మధ్య ఉంది కాబట్టి దాన్ని అందరూ కుట్టుమిషన్ల మసీదనే అంటారు. ఈ నగరంలో మన మసీదులన్నీ అంతే. ఒకటి తాళాలది, ఒకటి గడియారాలది. కొత్త కమిటీ ప్రెసిడెంటుకు ఇది నామోషీ అనిపించింది. గంభీరమైన అరబీ పేరొకటి తెచ్చి, బోర్డు రాయమన్నాడు. గోడల మీది రాతలు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, అంత పెద్ద పేరు రాయమంటే కాదంటానా? ఆకుపచ్చ మీద తెల్లగా రాశాను. ఆ అక్షరాలు నాకే ముద్దొచ్చాయి.

బోర్డు ఎక్కిన రోజే, ఎదురుగా గుండీలు అమ్మే పెద్దమ్మ గేటు దగ్గరికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆవిడ మన మతం కాదు.

"ఎవరయ్యా మా మసీదు పేరు మార్చింది?"

"మీ మసీదేంటి పెద్దమ్మా? ఒక్కసారైనా లోపలికొచ్చావా?" అన్నాడు ప్రెసిడెంటు.

"రాకపోతే? ఇన్నేళ్లూ నా అడ్రసు అదేగా! కొడుకు పెళ్లికార్డు మీద కూడా కుట్టుమిషన్ల మసీదు ఎదురుగా అనే వేయించాను. ఇప్పుడు నాకోసం వచ్చేవాళ్లు ఎక్కడికి పోవాలి, నీ ఇంటికా?"

నమాజుకొచ్చినవాళ్లంతా నవ్వారు. చివరికి ప్రెసిడెంటూ నవ్వి, "ఏం మామా, కింద చోటుందా?" అని నన్నడిగాడు. ఉంది. ఇప్పుడు రెండు పేర్లూ ఉన్నాయి. నేను రాస్తుంటే పెద్దమ్మ రోడ్డవతల నిలబడి, "ఇంకాస్త లావుగా రాయవయ్యా, కళ్లజోడు లేనివాళ్లూ చదవాలి" అంటూనే ఉంది.

వెనక్కి పోయేవాళ్లు ఉండరని నేననను తల్లీ. ఉంటారు. కానీ ఆ మసీదు గుమ్మం ఎవరిదో తెలిసే, పెద్దమ్మ దాన్ని తన అడ్రసు చేసుకుంది. నీ కుట్టు సంగతి నాకు తెలుసు. మీ వీధివాళ్లూ నీ షాపు పేరు చెప్పి దారి చూపించే రోజొస్తుంది.

ఇంతసేపూ దాచిందొకటి ఉంది. బోర్డు నిన్ననే పార్శిల్ లారీకి వేశాను. దాని మీద నీ పేరే, పూర్తిగా రాశాను. కోప్పడకు. నువ్వడిగిన 'న్యూ ఫ్యాషన్స్' వెనకవైపు ఉంది. ఏ వైపు వీధికి తిప్పాలో నీ ఇష్టం. కాకపోతే అటువైపు ఒక్క పూతే వేశాను, మొదటి వానకే పోతుంది.

ఇట్లు,
నీ పేరుకు మాత్రం మూడు పూతలు వేసిన
మీ నాన్న